ఆదివారం కాగితాలు

మార్చి 5, మంగళవారం

ఇది కొత్త నోటుపుస్తకం. రాకపోకల పుస్తకం వేరే ఉంది. అది హాల్లో తలుపు పక్క బల్ల మీద ఎప్పటిలాగే ఉంటుంది, ఎవరైనా తిరగేయవచ్చు. గ్యాసు బండ ఏ రోజు వచ్చింది, పాలు ఏ రోజు రాలేదు, అత్తయ్యకు కంటి చుక్కలు ఎన్నింటికి వేశాను, ఆయన పేర ఏ కవరు వచ్చింది, ఎన్ని గంటలకు వచ్చింది, అన్నీ అందులోనే. దానిలో పట్టనివి ఇందులో రాస్తాను. బీరువాలో దుప్పట్ల కింద పెడతాను.

పొద్దున పదకొండుంబావుకు తూనికల ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. జలుబు చేసి ఆయన షాపు తీయలేదు, అందువల్ల తనే సంతకం పెట్టి తీసుకున్నారు. లైసెన్సు రద్దు చేశారట.

ఇరవై రెండేళ్లుగా కొట్లలో కాటాలు బాగుచేసి, సరిచూసి, సీసం బిళ్ల బిగించి తన గుర్తు నొక్కుతున్న మనిషి. బజారంతా ఆయన్ని మిల్లిగ్రాముగారనే పిలుస్తుంది, అదీ మొహం మీదే. ఆయన బిళ్ల ఉన్న ఒక పెద్ద కాటా, పాత ఇనుము కొట్టులోది, తూకం తక్కువ చూపించిందట. రద్దు కాగితంలో ఇలా ఉంది: "ఫిబ్రవరి 19న నోటీసు అందజేసినప్పటికీ, 23న జరిగిన విచారణకు హాజరు కానందున, సంజాయిషీ ఏదీ ఇవ్వనందున..."

ఆయన రెండుసార్లు చదివారు. "ఏం నోటీసు?" అని నా వైపు చూశారు. "మనకేమన్నా నోటీసు వచ్చిందా?"

"రాలేదు," అన్నాను.

రాలేదు.

రాకపోకల పుస్తకం ఆయన తెరవలేదు. ఎప్పుడూ తెరవరు, నన్ను అడుగుతారంతే.

మార్చి 6, బుధవారం

ఆఫీసుకు వెళ్లొచ్చారు. ఇన్‌స్పెక్టరు లేడట. కాసేపు షాపులో కూర్చుని, షట్టరు సగం దించి వచ్చారు. దారిలో కనిపించిన కొట్లవాళ్లందరికీ చెప్పారట, నోటీసన్నా ఇవ్వకుండా రద్దు చేశారని.

కంటి చుక్కలు 7, 11, 3, 7. ఇది ఇక్కడ రాయనవసరం లేదు.

మార్చి 8, శుక్రవారం

వంటింట్లో చిన్న కాటా కొన్నాళ్లుగా ఏమీ పెట్టకపోయినా యాభై గ్రాములు చూపిస్తోంది. ఖాళీగానే ఉన్నారు కదా, కాస్త చూడండి అని ఇచ్చాను. చేతిలోకి తీసుకున్నారు, ముల్లు చూశారు, మళ్లీ అలమర మీద పెట్టేశారు.

"లైసెన్సు లేదు."

"ఇది మన వంటింటిదండీ!"

"స్క్రూ తిప్పానంటే రిపేరే. లైసెన్సు లేకుండా కాటా ముట్టుకోకూడదు."

అత్తయ్య మంచం మీంచే అందుకుంది. "పోనీ నా పళ్లసెట్టు చూడరా, దానికీ లైసెన్సు కావాలా?"

ఆయన నవ్వలేదు. నేను యాభై తీసేసి లెక్కేసుకుంటున్నాను.

మార్చి 10, ఆదివారం

వారమంతా ఆయన పేర వచ్చినవి క్లిప్పుకి తగిలించి ఆదివారమే ఇస్తాను. ఇవాళ ఇచ్చాను. కరెంటు ఆఫీసుది ఒకటి, ఆయన తమ్ముడి ఉత్తరం ఒకటి, పైకప్పు మరమ్మతు చేసేవాళ్ల కరపత్రం ఒకటి. మూడూ చదివి క్లిప్పు నాకిచ్చేశారు. అందులో నాలుగోది లేదు. నాలుగోది ఈ పుస్తకం మధ్యలో ఉంది.

ఇక రాసేస్తాను. ఫిబ్రవరి 19, సోమవారం, పగలు 11.40కి ఆఫీసు మనిషి వచ్చి కవరు ఇచ్చాడు. తన చేతి పుస్తకంలో నా చేత సంతకం పెట్టించుకున్నాడు. మా రాకపోకల పుస్తకంలో కూడా రాశాను. క్లిప్పుకి తగిలించాను. ఆదివారం ఇవ్వాలి కదా.

25న, ఆదివారం పొద్దున, కాగితాలు వరస పెడుతూ కవరు విప్పాను. 23న విచారణకు రావాలని ఉంది. 23 శుక్రవారం. ఆ శుక్రవారం అయిపోయి రెండు రోజులైంది. మడిచి మళ్లీ కవరులో పెట్టాను. సోమవారం ఆఫీసుకు వెళ్లి నేనే కనుక్కుందాం అనుకున్నాను. సోమవారం అత్తయ్య కంటికి ఆపరేషను. తర్వాత వారం చూద్దాం అనుకున్నాను. అయిపోయిన విచారణ గురించి ఇప్పుడు చెప్పి ఏం లాభం అని కూడా అనుకున్నాను. ఏదో ఒకటి అనుకుంటూనే ఉన్నాను.

ఆదివారం నియమం నాదే. పదకొండేళ్ల కిందట ఒక మంగళవారం ఆయన తమ్ముడి దగ్గర్నుంచి ఆస్తి గొడవ ఉత్తరం వస్తే షాపుకి పంపించాను. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని పనిలో దిగారు. ఇరవై కిలోల తూకపు రాయి చూపుడు వేలి మీద పడింది. ఆ గోరు ఇప్పటికీ సగమే వస్తుంది. ఆ రోజు నుంచి పని రోజుల్లో ఆయనకు ఏ కాగితమూ ఇవ్వలేదు. పదకొండేళ్లలో ఒక్క కాగితం పోలేదు. నేను పోనివ్వను.

మార్చి 12, మంగళవారం

జిరాక్సు షాపు పైన లాయరమ్మ ఆఫీసు. నాకంటే పదేళ్లు చిన్నది. కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని వింటుంది, మధ్యలో మాట్లాడదు. అంతా విని అంది:

"ఒకటి ముందే చెప్తున్నానండీ. ఆ కాటా సరైందా తప్పుదా అని కోర్టు తూచదు. ఆఫీసు మీ మాట సరిగ్గా విన్నదా లేదా, అంతే చూస్తుంది. నోటీసు అసలు రాలేదంటారు?"

"రాలేదు," అన్నారాయన.

"వాళ్లు ఇచ్చామంటారు. మీ దగ్గర ఆధారమేదైనా ఉందా?"

ఆయన మొహం వెలిగింది. వారం తర్వాత మొదటిసారి. "ఎందుకు లేదండీ! మా ఆవిడ రాకపోకల పుస్తకం ఉంది. మా గడపలోకి చీమ వచ్చినా అందులో ఎక్కుతుంది. తేదీ, టైముతో సహా."

లాయరమ్మ కాళ్లు కిందికి దించింది. "నిజంగా? ఎన్నేళ్ల నుంచి?"

"పెళ్లైనప్పట్నుంచి. ఇరవై మూడు పుస్తకాలున్నాయి."

"అయితే ఫిబ్రవరి 19 పేజీ తీసుకురండి. ఆ రోజు అందులో కవరు లేదంటే ఇంతకంటే ఏం కావాలి? శుక్రవారం రండి, అఫిడవిటు సిద్ధం చేసి ఉంచుతాను."

మెట్లు దిగుతుంటే ఆయన నా చేతిలోంచి సంచీ తీసుకున్నారు. "చూశావా, నీ పుస్తకం ఇలా పనికొస్తుందని ఎవరనుకున్నారు," అన్నారు.

మార్చి 13, బుధవారం

ఆ పేజీ నంబరు 112. పేజీలకి నంబర్లు వేసుకుంటాను. 111 తర్వాత 113 వస్తే చూసిన ఎవరైనా అడుగుతారు. అసలు ముందుగా అడిగేది నేనే.

మార్చి 14, గురువారం

అత్తయ్య అడిగింది: "ఏమే, నాలుగు రోజుల నుంచి ఆ పుస్తకం ముందు కూర్చుని రాయవు, లేవవు. నేను ఎన్నిసార్లు దగ్గానో కూడా రాసుకున్నావా ఏంటి?"

రాశాను. డాక్టరు అడిగారు కదా. ఆ మాట చెప్తే నవ్వింది, నవ్వి మళ్లీ దగ్గింది. రాశాను.

కవరు నా చేతిసంచీలో పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు. రేపు లాయరమ్మ దగ్గరికి వెళ్లాలి.

మార్చి 15, శుక్రవారం

చెప్పేశాను.

లాయరమ్మ గట్టిగా చదివింది. "నాకు గాని, నా కుటుంబ సభ్యులకు గాని, ఎటువంటి నోటీసూ అందలేదని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను." ఆయన పెన్ను తీసుకున్నారు. ఎక్కడ సంతకం పెట్టాలన్నా ముందు చిత్తు కాగితం మీద ఒక గీత గీసి సిరా చూస్తారు. గీత గీశారు. కాగితం దగ్గరికి లాక్కున్నారు.

"ఆగండి," అన్నాను.

సంచీలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టాను. దాని పక్కన రాకపోకల పుస్తకం, 112వ పేజీ తెరిచి.

ఆయన కవరు చూడలేదు, పేజీ చూశారు. నా అక్షరాలు చూశారు. "ఎప్పుడు వచ్చింది?"

"పంతొమ్మిదో తేదీ. పదకొండు నలభైకి."

"నాకెందుకు చెప్పలేదు?"

"సోమవారం కదండీ."

ఆయనకు అర్థమైంది. సగం గోరున్న వేలు బల్ల కిందికి దించుకున్నారు. ఆదివారం ఎందుకు ఇవ్వలేదో, పదిరోజుల కిందట రాలేదని ఎందుకు అన్నానో, ఆ రెండూ ఆయన అడగలేదు. లాయరమ్మ ముందు అడగలేదు.

లాయరమ్మ నోటీసు చాలాసేపు చదివింది. ఒక్క పేరా ఉన్న కాగితానికి అంతసేపు దేనికో నాకు తెలియలేదు. తర్వాత అడిగింది: "కవరులో ఇంకేమైనా ఉందా? తనిఖీ రిపోర్టు లాంటిది?"

"లేదండీ. ఒక్క కాగితమే."

"గుర్తుందా, ఖాయంగా?"

25వ తేదీ పేజీ తీసి చూపించాను. "కవరు విప్పాను. లోపల కాగితం 1."

లాయరమ్మ నవ్వింది. నాకు ఒళ్లు మండింది, నవ్వే సందర్భమా అది. "అమ్మా," అంది, "అందలేదని మనం వెళ్లి ఉంటే వాళ్లు మీ సంతకం తెచ్చి జడ్జిగారి ముందు పెట్టేవాళ్లు. ఐదు నిమిషాల్లో ఇంటికి పంపేవాళ్లు, పైగా మీవారు అబద్ధం ప్రమాణం చేసినట్టయ్యేది. ఇప్పుడు ఇది చూడండి. 'తమ పనిలో క్రమరాహిత్యాలు గమనించడమైనది.' ఏ క్రమరాహిత్యం? ఏ కాటా? ఎంత తేడా? ఒక్క ముక్క లేదు. రిపోర్టు కాపీ లేదు. మధ్యలో మూడు రోజులే గడువు. ఆ రోజు మీవారు వెళ్లినా దేనికి జవాబు చెప్తారు? ఇంకోటి. కింద సంతకం చూడండి. రద్దు కాగితం మీదా ఇదే సంతకం. కాటా తనిఖీ చేసిందీ ఈ ఇన్‌స్పెక్టరే, నోటీసిచ్చిందీ ఈయనే, పై అధికారి సెలవులో ఉంటే ఆ కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పిందీ ఈయనే."

"మరి మేం వెళ్లకపోవడం?" అన్నాను.

"అది తప్పే. రాస్తాం. ఉన్నది ఉన్నట్టు రాస్తాం." అఫిడవిటుని అడ్డంగా చింపి బుట్టలో వేసింది. "మూడు రోజులు టైపు చేశానమ్మా దీన్ని."

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. నేను పక్కనే కూర్చున్నాను.

మార్చి 16, శనివారం

ఆయన పొద్దున్నే బయటికి వెళ్లారు. పదకొండింటికి వచ్చారు.

సాయంత్రం పిండి మరకు వెళితే మరాయన అన్నాడు: "మీవారు పొద్దున వచ్చారమ్మా. 'మొన్న మీతో అన్నది తప్పు, నోటీసు మా ఇంటికి వచ్చింది' అని చెప్పి వెళ్లిపోయారు. ఇంత మాత్రానికి ఇంత దూరం దేనికండీ, ఎవరికి గుర్తుంటుంది అన్నాను. నాకుంటుంది అన్నారు. వరసగా అన్ని కొట్లకీ వెళ్లారట."

"ఇంకేమన్నారు?"

"ఇంకేం లేదు. నోటీసు ఎవరు తీసుకున్నారని అడిగితే, 'మా ఇంటికి వచ్చిందన్నాను కదా' అన్నారు."

పిండి ఆరు కిలోలు. సంచీ ఎత్తుకున్నాక మళ్లీ దించి, కాసేపు మర గట్టు మీద కూర్చున్నాను.

మార్చి 19, మంగళవారం

నాతో మాట్లాడడం లేదు. అవసరమైతే అత్తయ్య ద్వారా. "అమ్మా, తువాలు ఎక్కడుందో అడుగు." నేను ఆయన ఎదురుగానే ఉన్నాను, తువాలు నా భుజం మీదే ఉంది.

"నేనేమన్నా పోస్టాఫీసునట్రా?" అంది అత్తయ్య. "ఒక కన్నే పనిచేస్తోంది నాకు. మీ ఇద్దరికీ రెండేసి ఉన్నాయి, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేరా?" తర్వాత నాతో, ఆయన స్నానానికి వెళ్లాక: "వాడు చిన్నప్పుడు నా మీద అలిగి తొమ్మిది రోజులు ఇలాగే ఉన్నాడు. పదోరోజు ఆకలేసింది."

"ఇప్పుడు అన్నం మామూలుగానే తింటున్నారత్తయ్యా."

"అదే నాకు భయం."

కోర్టులో పిటిషను వేశారు.

మార్చి 27, బుధవారం

కోర్టు. తొమ్మిదిన్నరకు వెళ్లాం. మా వంతు రెండింటికి వచ్చింది. ఆఫీసు తరఫు లాయరు గడువు అడిగాడు, ఇచ్చారు. నిమిషం కూడా పట్టలేదు.

మధ్యాహ్నం వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నప్పుడు నీళ్ల సీసా ఆయనకిచ్చాను. తాగి, సీసా పట్టుకుని, "నీకు?" అన్నారు. పన్నెండు రోజుల తర్వాత. తాగాను.

"ఆ రోజు కాగితాలు ఆదివారమే ఇస్తానన్నది నువ్వు," అన్నారు, ఎదురుగా గోడ చూస్తూ. "సరేనన్నది నేను. హాయిగా ఉండేది నాకు. ఏదొచ్చినా ఆదివారం దాకా లేనట్టే."

సీసా మూత బిగించాను.

"కానీ రాలేదని అన్నావు చూడు. నేను అడిగినప్పుడు."

"అన్నాను."

"అది."

అది సరిచేయడానికి నా దగ్గర ఏమీ లేదు. మా వంతు పిలిచారు.

ఏప్రిల్ 16, మంగళవారం

నాలుగు గంటలు కూర్చుంటే పదకొండు నిమిషాలు మాది. గడియారం చూసి రాసుకున్నాను.

ఆఫీసు లాయరు లేచి, "నోటీసు అందింది, భార్య సంతకం ఉంది, అయినా రాలేదు" అన్నాడు. అంతమంది ముందు నా సంతకం ఉన్న కాగితం చేతులు మారింది.

జడ్జిగారు, "అందిందని వాళ్లే చెప్పుకున్నారు కదా. నేనడిగేది అది కాదు. ఆ నోటీసులో ఏముంది?" అన్నారు.

"క్రమరాహిత్యాలు అని ఉందండి."

"ఏ క్రమరాహిత్యం?"

అతను కాగితాలు తిప్పాడు. "రిపోర్టులో వివరంగా ఉందండి."

"రిపోర్టు వాళ్లకిచ్చారా?"

మళ్లీ తిప్పాడు. తర్వాత, పై అధికారికి అప్పీలు చేసుకునే వీలుండగా నేరుగా కోర్టుకు వచ్చారు అన్నాడు. దానికి జడ్జిగారు, "కింద తన మాట ఎవరూ విననివాడు పైన ఏమని చెప్పుకోవాలి? ఆరోపణే తెలియదు కదా" అన్నారు. తనిఖీ చేసిన మనిషే తీర్పు చెప్పడం గురించి మా లాయరమ్మ సగం చెప్పేసరికి జడ్జిగారు చెయ్యెత్తి, చాలు, అదీ చూశాను అన్నారు.

రద్దు చెల్లదు. రిపోర్టు కాపీ ఇవ్వాలి. జవాబుకు పది రోజులు గడువివ్వాలి. వేరే అధికారి విచారించి, కారణాలు రాసి, నిర్ణయించాలి. అప్పటిదాకా లైసెన్సు ఆగి ఉంటుంది.

బయటికి వచ్చాక ఆయన, "గెలిచామా?" అని అడిగారు.

"గెలిచారు," అంది లాయరమ్మ.

"షాపు తీయొచ్చా?"

"ఇంకా లేదు."

"నా బిళ్ల మంచిదని అన్నారా?"

"లేదండీ. మంచిదనలేదు, చెడ్డదనలేదు. మీ మాట వినమన్నారు. మొదట్లోనే చెప్పాను కదా."

"వినడానికి రెండు నెలలు పట్టిందన్నమాట."

ఇంటికొచ్చి చెప్తే అత్తయ్య అంది: "వండిందీ వాడే, వడ్డించుకుందీ వాడే, భేషుగ్గా ఉందన్నదీ వాడే. ఇప్పుడు ఇంకొకణ్ని రుచి చూడమన్నారు, అంతేనా?"

"అంతేనత్తయ్యా."

"పోన్లే. ఆ మాత్రమైనా అన్నారు."

మే 2, గురువారం

3.10కి ఆఫీసు మనిషి వచ్చాడు. కవరు లావుగా ఉంది. సంతకం పెట్టాను. "ఈసారి జాగ్రత్తమ్మా" అన్నాడు అతను. వెటకారమో మంచికో తెలియలేదు. రాకపోకల పుస్తకంలో రాశాను. వెళ్లి క్లిప్పు తీశాను, అలవాటు. మళ్లీ పెట్టేశాను.

అత్తయ్యకు చెప్పి, చెప్పులేసుకుని షాపుకి నడిచాను. పద్నాలుగు నిమిషాలు. పని లేకపోయినా ఆయన రోజూ వెళ్లి పనిముట్లు తుడుచుకుంటూ కూర్చుంటారు. తూకపు రాళ్లన్నీ చిన్నదాని నుంచి పెద్దదాని వరకు గోడ వారగా వరస పెట్టి ఉన్నాయి. కవరు చూసి, చేతిలో గుడ్డ పక్కన పెట్టి, రాళ్లకు దూరంగా జరిగి స్టూలు మీద కూర్చున్నారు. అప్పుడు చెయ్యి చాచారు.

ఇవాళ గురువారం అని ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

మూడో పేజీలో ఆగారు. "వాకిట్లో," అన్నారు.

"ఏంటి?"

"నూరు కిలోల రాళ్లు పెడితే తొంభై తొమ్మిది ముప్పావు చూపించిందట. పావు కిలో తక్కువ. కాటా ఎక్కడ పెట్టి చూశారో చూడు. 'దుకాణం ముందు వాకిట్లో.' ఆ వాకిలి కాలవ వైపుకి వాలు. ఎన్నిసార్లు కూర్చున్నానో ఆ గట్టు మీద. పెద్ద కాటా చదునుగా లేకపోతే ఏ దేవుడు బాగుచేసినా తక్కువే చూపిస్తుంది." లేచారు. మళ్లీ కూర్చున్నారు. "ఈ ఒక్క ముక్క ఫిబ్రవరిలో చూపించి ఉంటే."

"చూపించి ఉంటే నా దగ్గరే ఉండేది," అన్నాను. "క్లిప్పులో."

నా వైపు చూశారు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను. పెద్ద నవ్వేం కాదు.

"రిజిస్టరు కావాలి. ఆ కాటా చేసిన రోజుది."

మరమ్మతుల రిజిస్టరు రాసేది కూడా నేనే. రోజూ రాత్రి ఆయన చెప్తుంటే రాస్తాను. ఇంట్లో మూడో అరలో ఉంటుంది, అట్ట వేసి.

మే 14, మంగళవారం

విచారణ. కొత్త అధికారి పెద్దావిడ, ఉద్యోగం చివరికొచ్చిన మనిషిలా ఉంది. ఇన్‌స్పెక్టరు పక్క కుర్చీలో కూర్చున్నాడు, చేతులు కట్టుకుని. నేను వెనక, రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని.

"చెప్పండి," అంది ఆవిడ. "ఎంతసేపైనా వింటాను. వినమని రాశారు కదా పైనుంచి."

ఆయన జేబులోంచి రసమట్టం తీశారు. అరచెయ్యంత ఉంటుంది, గాజులో బుడగ. ఆవిడ బల్ల మీద పెట్టారు. బుడగ ఎడమకి జారింది.

"అమ్మా, మీ బల్ల కూడా వాలు," అన్నారు.

ఇన్‌స్పెక్టరు, "ఇది సర్కసు కాదండీ" అన్నాడు.

ఆవిడ బల్ల కాలు కింద చూసింది. ఒక కాలు కింద మడిచిన కాగితం ఉంది, ఇంకో కాలు కింద లేదు. "ఏడాది నుంచి టీ ఒలుకుతోంది, ఎందుకో అనుకున్నాను," అంది. ఇన్‌స్పెక్టరుని అడిగింది: "మీరు తనిఖీ చేసినప్పుడు మట్టం చూశారా?"

"రిపోర్టులో ఉన్నదేనండి."

"రిపోర్టులో లేదు. అందుకే అడుగుతున్నాను."

అతను మళ్లీ చేతులు కట్టుకున్నాడు. ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఇంట్లో ఇరవై మాటలు ఒకేసారి మాట్లాడి ఎరగరు. కాటా ఏ రోజు బాగుచేశారు, ఏ రాళ్లతో చూశారు, ఎంత తేడా వరకు అనుమతి ఉంది. ప్రతి తేదీకి వెనక్కి చెయ్యి చాచారు, నేను పేజీ తీసి ఇచ్చాను.

చివర్లో ఆవిడ రిజిస్టరు చేతిలోకి తీసుకుంది. "ముత్యాల్లా రాశారే. ఎవరిదీ?"

"నాదేనండి."

"షాపులో కూర్చుంటారా?"

"లేదండి. ఇంట్లో రాస్తాను."

"ఉండేది కూడా ఇంట్లోనేనా?"

"అవునండి. అక్కడ గ్రీజు అంటుకుని పాడవుతుంది."

ఆవిడ పెన్ను తీసి ఏదో రాసుకుంది. ఆయన కళ్లు మూసుకున్నారు. రిజిస్టరు పనిచేసే చోటే ఉండాలని లైసెన్సు వెనకాల అచ్చులో ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం అందరం పాత ఇనుము కొట్టుకు వెళ్లాం. కాటాని లోపల గచ్చు మీదికి జరిపించారు. ఆయన్ని ముట్టుకోవద్దన్నారు, ముట్టుకోలేదు, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. మట్టం చూసి, ఇన్‌స్పెక్టరే రాళ్లు పెట్టాడు. నూరు కిలోలకు తేడా పది గ్రాములు. అది అనుమతి లోపలే. ఇన్‌స్పెక్టరు ముల్లు వైపు వంగి మరోసారి చూశాడు. "ఆ రోజు లోపలంతా ఇనుము నిండిపోయి ఉందండి, చోటు లేదు" అన్నాడు, ఎవరితోనో చెప్పినట్టు. కొట్టాయన తలూపాడు. అది నిజమే అయి ఉంటుంది.

వచ్చేటప్పుడు ఇన్‌స్పెక్టరు నన్ను అడిగాడు: "ఆ రోజు సంతకం పెట్టింది మీరే కదమ్మా?"

"నేనే."

"మరి ఒక్క ఫోను చేసి ఉంటే అయిపోయేది కదా."

"మీరు ఒక్క కాగితం జతచేసి ఉన్నా అయిపోయేదండి," అన్నాను. ఇంట్లో ఎవరితోనూ అలా మాట్లాడను.

మే 22, బుధవారం

12.25కి వచ్చింది. సంతకం పెట్టాను, రాశాను, నడిచాను. ఎండ. కవరు విప్పలేదు.

"నువ్వు చదువు," అన్నారు. నిలబడే చదివాను. రెండున్నర పేజీలు ఉంది. కారణాలన్నీ రాసింది ఆవిడ, మట్టం సంగతితో సహా. కాటా విషయంలో తప్పు రుజువు కాలేదు. మరమ్మతుల రిజిస్టరు పనిస్థలంలో ఉంచనందుకు నెల రోజుల సస్పెన్షను, ఇప్పటికే గడిచిన కాలంతో అది పూర్తయినట్టే. లైసెన్సు నేటి నుంచి అమల్లోకి.

ఆ మధ్య వాక్యం మళ్లీ చదవమన్నారు. చదివాను.

"అంటే మొత్తానికి శిక్ష పడింది నీ అట్టకి," అన్నారు.

ఆయన షట్టరు పూర్తిగా పైకి ఎత్తారు. బిగుసుకుపోయి సగంలో ఆగింది. నేనూ ఒక చెయ్యి వేశాను.

మే 24, శుక్రవారం

రిజిస్టరు షాపులో మేకుకి తాడుతో వేలాడుతోంది. మధ్యాహ్నం అన్నం తీసుకెళ్లినప్పుడు చూశాను. రెండు రోజులకే అట్ట మీద నల్లటి బొటనవేలి ముద్ర. నిన్నటి పేజీ ఆయనే రాసుకున్నారు, గీతల మీద రాయరు, ఎప్పుడూ అంతే.

మే 26, ఆదివారం

క్లిప్పులో ఏమీ లేదు. వచ్చిన రోజే అన్నీ ఇచ్చేశాను. టిఫిను అయ్యాక ఆయన అలవాటుగా కుర్చీలో కూర్చుని చెయ్యి చాచారు, నేను ఖాళీ చేతులు చూపించాను.

అప్పుడు వంటింట్లోకి వెళ్లి అలమర మీంచి చిన్న కాటా దించారు. మూత విప్పి, స్ప్రింగు తుడిచి, స్క్రూ పావు వంతు తిప్పారు. ముల్లు సున్నా మీద నిలబడింది. "చూడు," అన్నారు. చూశాను. అత్తయ్య, "ఇప్పుడు నా పళ్లసెట్టు," అంది.

సాయంత్రం పిండి తూచాను. అరకిలో చూపించింది. యాభై తీసేసి నాలుగు వందల యాభై అని పుస్తకంలో రాసి, కొట్టేసి, ఐదు వందలని మళ్లీ రాశాను.